సరస్సునకు కావలి: చికాగో తీరమున ప్రజల హక్కు

1893వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన స్వామి వివేకానందుడు చికాగో నగరమున సర్వమత మహాసభలో ప్రసంగించిన వృత్తాంతము మనలో ఎరుగనివారు అరుదు. ఆ సభ జరిగిన మందిరము ఎట్టి నేలపై నిలిచినదో ఎరిగినవారును అంతే అరుదు. మిచిగన్ అవెన్యూ అను రాజవీథికి తూర్పున, మిచిగన్ సరస్సునకు పడమట నున్న ఆ నేలపై కట్టడములు ఉండరాదని నగరము పుట్టకముందే వ్రాత యున్నది. ఎదుటనున్న ఆస్తుల యజమానులు సమ్మతించుటచే ఆ మందిరమునకు అచట చోటు దొరకెను. నేడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అను ప్రసిద్ధ చిత్రశాల. దాని చుట్టునున్న తక్కిన నేలను కట్టడములు లేక నిలుపుటకై ఒక వర్తకుడు ఇరువదియేండ్లు న్యాయస్థానముల మెట్లెక్కెను. తరువాతి తరములవారు అదే తీరమున ఈదుటకు పోరాడిరి. కడపట తమ కుక్కలను విహరింపజేయుటకును చోటు అడుగవలసివచ్చెను. మహానగరమునందలి జలతీరము ఎవరిది అను ప్రశ్నకు ఆ నగరము నూట ఎనుబది యేండ్లకు పైబడి వెదకుచున్న సమాధానమే ఈ ప్రసంగమునకు విషయము.

మిచిగన్ సరస్సు పేరునకు సరస్సే గాని చూచువారికి సముద్రము. దాని పొడవు 300 మైళ్ళకు పైబడినది. ఈ దరిని నిలిచినవారికి ఆ దరి కానరాదు. గాలి రేగినపుడు కెరటములు రాతికట్టలను దాటి బాటపై బడును. నీరు మాత్రము మంచినీరు. నగరమంతయు త్రాగునది ఈ నీరే. దాని తీరమున వెలసిన చికాగో రైళ్ళకు, ధాన్యపు గిడ్డంగులకు, కబేళాలకు, ఉక్కు కర్మాగారములకు పేరొందిన నగరము. అట్టి పారిశ్రామిక నగరములు పెక్కు తమ జలతీరములను రేవులకును, రైలు పట్టాలకును, గోదాములకును అప్పగించి, ప్రజలను గోడల వెనుకకు నెట్టినవి. చికాగోలో మాత్రము తీరములో అధికభాగము, సుమారు 26 మైళ్ళు, ప్రజలకు తెరచియున్నది. దాని వెంట పద్దెనిమిదిన్నర మైళ్ళ బాట కలదు. 2018 నుండి ఆ బాట కాలినడకవారికి ఒకటియు, సైకిళ్ళవారికి ఒకటియునై రెండుగా సాగుచున్నది. నడచుటకు ఎవరును రుసుము చెల్లింపనక్కరలేదు. ఈ భాగ్యము నగరమునకు ఊరక అబ్బినది కాదు.

కథ 1836తో మొదలగును. సరస్సును ఇల్లినాయ్ నదితో కలుపుటకు ఒక కాలువ త్రవ్వవలెనని ఆ రాష్ట్రము తలపెట్టెను. అందులకు వలసిన ధనమునకై కాలువ అధికారులు భూమిని ఇళ్ళస్థలములుగా విభజించి అమ్మకమునకు పెట్టిరి. చికాగో నగరముగా ఏర్పడినది మరుసటి యేడు, 1837లో. ఆ అధికారులు గీయించిన పటములో సరస్సు ఒడ్డున ఒక నేలచీలికను అమ్మక విడిచి, ఇది ప్రజల నేల యనియు, కట్టడము గాని వేరు అడ్డంకి గాని లేక ఎల్లకాలము తెరపియై యుండవలెననియు వ్రాసిరి. ఎదుట సరస్సు కనబడు స్థలమునకు గిరాకి హెచ్చు గదా! కొనువారు ఆ వ్రాతను నమ్మి సొమ్ము చెల్లించిరి. కనుక అది ఉత్త అలంకారము గాక, అమ్మినవారు కొన్నవారికి చేసిన వాగ్దానమయ్యెను. ఏబది యేండ్ల తరువాత ఆ ఒక్క వాక్యమే నగరమును బోనులో నిలిపెను.

వాగ్దానము చేయుట సులభము, నిలుపుట కష్టము. సరస్సు కెరటములు మిచిగన్ అవెన్యూ ఒడ్డును కోసివేయుచుండెను. అడ్డుకట్ట కట్టుటకు నగరపు బొక్కసమున ధనము లేదు. అదే సమయమున ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే సంస్థ నగరములోనికి దారి వెదకుచుండెను. 1852లో ఇరుపక్షములకు ఒడంబడిక కుదిరెను. సంస్థ తన సొంత ఖర్చుతో అలలకు అడ్డుకట్ట కట్టవలెను; నగరము దానికి సరస్సు నీటిలోనే పట్టాలు వేసికొన అనుమతి యీయవలెను. ఒడ్డునకు కొంతదూరమున, నీటిలో పాతిన కొయ్య స్తంభములపై రైళ్ళు నడచినవి. పట్టాలకు ఒడ్డునకు నడుమ నీరు మడుగు కట్టెను. 1871 అక్టోబరులో మహాగ్నిప్రమాదము నగరమును దహించి, లక్షమందిని నిరాశ్రయులను చేసినపుడు, కాలిన ఇండ్ల ఇటుకలను, బూడిదను బండ్లకెత్తి ఆ మడుగులో పోసిరి. నేడు జనులు విహరించు గ్రాంట్ పార్కు అడుగున పాత చికాగో శిథిలములే యున్నవి.

ఇంతలో రైల్వే సంస్థ కోరిక పెరిగెను. 1869లో ఇల్లినాయ్ శాసనసభ నగరమెదుట సరస్సు అడుగు భూమిని వేయి ఎకరములకు మించి ఆ సంస్థకు ధారపోయుచు ఒక చట్టము చేసెను. గవర్నరు జాన్ పామర్ దానిని త్రోసిపుచ్చినను, సభ ఆయన మాట కాదని చట్టమును నెగ్గించెను. ప్రజలలో అలజడి రేగుటచే 1873లో మరియొక సభ ఆ చట్టమును రద్దు చేసెను. ఒకమారు ఇచ్చిన సొత్తును మరల ఎట్లు తీసికొందురని సంస్థ వాదించెను. ఆ వివాదము అమెరికా సుప్రీంకోర్టు వరకు సాగి, 1892 డిసెంబరులో తీర్పు వెలువడెను. నలుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ముగ్గురు మరియొక వైపు నిలువగా, ఒక్క వోటు ఆధిక్యముతో ప్రజలపక్షము గెలిచెను.

ఆ తీర్పును వ్రాసినవారు జస్టిస్ స్టీఫెన్ ఫీల్డు. నావలు నడచు జలముల క్రింది భూమి రాష్ట్రము పేరనే యున్నను, రాష్ట్రము దానిని ప్రజల కొరకు నిక్షేపముగా నుంచుకొన్నదే గాని, తన ఇష్టము వచ్చినట్లు అమ్ముకొనదగిన సొత్తు కాదని అందలి సారము. ఈ భావము మనకు క్రొత్తది కాదు. దేవాలయ మాన్యమునకు ధర్మకర్త ఉండును. అతడు ఆ భూమిని సాగు చేయించును, ఫలసాయమును లెక్కకట్టును, కాని దానిని అమ్ముకొని పోజాలడు. సరస్సు విషయమున ప్రభుత్వమును అట్టి ధర్మకర్తయే. గాలి, పారునీరు, సముద్రము, సముద్రతీరము ఎల్లరకు ఉమ్మడి యని ఆరవ శతాబ్దినాటి రోమక ధర్మశాస్త్రమును చెప్పియుండెను. ఆ పాత సూత్రమునకు ఫీల్డు గారి తీర్పు ఆధునిక నగరమున బలము చేకూర్చెను.

సుప్రీంకోర్టు కాపాడినది నీటి అడుగు భూమిని. ఒడ్డుననున్న నేలను కాపాడిన ఘనత ఆరన్ మాంట్‌గొమరీ వార్డు అను వర్తకునిది. ఆయన 1872లో టపాద్వారా సరకులమ్ము వ్యాపారమును ప్రారంభించి, పల్లెటూళ్ళ రైతు కుటుంబములకు ధరల పట్టికలు పంపి, నమ్మకము సంపాదించి, ధనవంతుడయ్యెను. ఆయన కార్యాలయము మిచిగన్ అవెన్యూ పైననే యుండెను. కిటికీ నుండి చూచినపుడు ఎల్లకాలము తెరపియై యుండవలసిన నేలపై పాకలును, చెత్తకుప్పలును, రైలుపెట్టెలును కనబడెను. 1890లో ఆయన నగరముపై దావా వేసెను. ఆయనకు ఆయుధము ఆ పాత పటమునందలి వాక్యమే. ఆ వీథిలో స్థలము కొన్నవాడు కనుక ఆ వాగ్దానమును అమలు చేయుమని అడుగు హక్కు ఆయనకు కలదు.

పాకలను తొలగింపుమన్నంతకాలము ఆయనను మెచ్చుకొన్నవారు ఉండిరి. మంచి కట్టడములను సైతము వలదన్నపుడు నగర ప్రముఖులు మండిపడిరి. 1906లో మరణించిన మార్షల్ ఫీల్డు అను మరియొక వర్తకుడు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకై 80 లక్షల డాలర్లు విడిచిపోయెను. దానిని గ్రాంట్ పార్కు నడుమ కట్టవలెనని పెద్దల సంకల్పము. వార్డు ఒప్పుకొనలేదు. ఇంతటి సత్కార్యమునకు అడ్డు తగులుట మూర్ఖత్వమని పత్రికలు నిందించినవి. ప్రదర్శనశాల మంచిదా చెడ్డదా అనునది వార్డునకు ప్రశ్న కాదు. నేడు ప్రదర్శనశాలకు చోటిచ్చినచో రేపు మరియొక మందిరము వచ్చును. ప్రతిదియు మంచిదిగనే తోచును. తుదకు తెరపి మిగులదు. సరస్సును చూచుటకు దూరదేశములు పోజాలని బీదల కొరకే తాను పోరాడితినని ఆయన చెప్పుకొనెను. నాలుగు విడతల వ్యాజ్యము 1911 నాటికి ముగిసెను. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ప్రతిమారు ఆయన పక్షమునే నిలిచెను. ప్రదర్శనశాల ఆ పార్కునకు దక్షిణమున, సరస్సును పూడ్చి సంపాదించిన నేలపై లేచి, 1921లో తెరువబడెను. వార్డు అంతకు పూర్వమే 1913లో కన్నుమూసెను. సరస్సు తీరపు కావలికుక్క అని జనులు ఆయనకు పెట్టిన పేరు మాత్రము నిలిచినది. కావలికుక్కకు ఇంటివారి మెప్పుతో పని లేదు. అర్ధరాత్రి మొరగినందుకు తిట్లు తినియు అది మొరుగుట మానదు. ఆ పేరు ఆయనకు తగినదే.

ఇదే కాలమున, 1909లో, డేనియల్ బర్న్‌హామ్, ఎడ్వర్డు బెన్నెట్టు అను వాస్తుశిల్పులు చికాగో నగరమునకు ఒక మహాప్రణాళిక రచించిరి. సరస్సు తీరము హక్కుగా ప్రజలదే యని అందు స్పష్టముగా చెప్పబడెను. తరువాతి దశాబ్దములలో నీటిని పూడ్చి, ఒడ్డు వెంబడి ఉద్యానములు, స్నానతీరములు, పడవలరేవులు నిర్మించిరి. 1934లో నగరమందలి 22 ఉద్యాన సంస్థలు ఒక్కటిగా కలిసి చికాగో పార్కు డిస్ట్రిక్టు ఏర్పడెను.

ఇంతవరకు విన్నవారికి ఇది విజయగాథగా తోచును. కాని నేల తెరపియై యున్నంతమాత్రమున అది ఎల్లరకు తెరచియుండదు. 1919 జులై 27వ తేదీ ఆదివారము; ఎండ తీవ్రముగా నుండెను. యూజీన్ విలియమ్స్ అను పదునేడేండ్ల నల్లజాతి బాలుడు స్నేహితులతో తెప్పపై ఈదులాడుచుండెను. 25వ వీథి దగ్గరి తీరము నల్లవారిది, 29వ వీథి దగ్గరిది తెల్లవారిది అను కట్టుబాటు ఉండెను. అట్టి చట్టము ఏదియు లేదు. నీటిపై గీత గీయుటయు సాధ్యము కాదు. తెప్ప కొట్టుకొనిపోయి ఆ లేని గీతను దాటెను. ఒడ్డుననున్న తెల్లవాడొకడు రాళ్ళు రువ్వెను. బాలుడు మునిగిపోయెను. రాళ్ళు రువ్వినవానిని చూపినను అచటి పోలీసు వానిని పట్టుకొనలేదు. ఆనాటి సాయంకాలమునకే నగరము రగిలెను. వారము రోజుల అల్లర్లలో 38 మంది మరణించిరి. వారిలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు. గాయపడినవారు ఐదువందలకు పైబడిరి.

ఎల్లకాలము తెరపి యని పటముపై వ్రాసియున్న నగరముననే ఒక బాలుడు ఈదినందుకు ప్రాణము కోల్పోయెను. వార్డు కట్టడములను ఆపగలిగెను. మనుష్యుల మనస్సులందలి గోడలను ఆపుట న్యాయస్థానమున తీరు పని కాకపోయెను. 1960 వేసవిలో నల్లజాతి యువకులు కొందరు, వారితో కలిసిన తెల్లవారు కొందరు, నగరమునకు దక్షిణమున నున్న రెయిన్‌బో తీరమున శాంతియుతముగా నీటిలో దిగి తమ హక్కును చాటిరి. వారిపైనను రాళ్ళు పడినవి. మరుసటి యేడు 1961లో వారు మరల వచ్చిరి. క్రమముగా ఆ తీరము అందరిదయ్యెను. తీరమునకు కావలి కాచుటయనగా కట్టడములను ఆపుట ఒక్కటే కాదు, వచ్చువారిని ఆపువారిని ఆపుటయు నని ఈ రెండు సంఘటనలు తెలుపుచున్నవి.

రైల్వే సంస్థతో, మందిరములతో, జాతివివక్షతో జరిగిన ఇంతటి పోరాటముల తరువాత కుక్కల సంగతి ఎత్తుట అల్పముగా తోచవచ్చును. కాని ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లలేదు గదా! మహానగరమున ఎత్తైన మేడలలో చిన్నచిన్న వాటాలలో నివసించువారికి కుక్కను వదలుటకు పెరడు ఉండదు. వారికి సరస్సు తీరమే పెరడు. అయినను చికాగో స్నానతీరములపై కుక్కలకు సాధారణముగా ప్రవేశము లేదు. అందులకు కారణము వట్టి చిరాకు కాదు. కుక్కల మలము వానకు కొట్టుకొనిపోయి నీటిలో కలిసినచో, ఈ-కోలై మొదలగు సూక్ష్మజీవులు పెరిగి, ఈదువారికి జబ్బులు కలుగును. పసిపిల్లలు ఇసుకలో ఆడుచు చేతులు నోటబెట్టుకొందురు. కుక్కలను చూచి భయపడువారికిని తీరముపై హక్కు కలదు.

ఈ చిక్కునకు నగరము కనుగొన్న ఉపాయము సామాన్యమైనది. నగరమునకు ఉత్తరభాగమున నున్న మాంట్రోజ్ తీరపు చివర కొంత ఇసుకకు కంచె వేసి, దానిని కుక్కలకు కేటాయించిరి. అచట గొలుసు విప్పి వదలవచ్చును. కుక్క నీటిలో దూకి ఈదవచ్చును. కాని దానికి టీకాలు వేయించి, పశువైద్యుని ద్వారా అనుమతిపత్రమును, మెడలో తగిలించు బిళ్ళను పొందవలెను. కుక్క చేసిన మలినమును యజమానియే ఎత్తవలెను. కంచె యున్నది కనుక ఆ ప్రక్కన తల్లులు నిర్భయముగా పిల్లలను ఆడించుకొందురు. స్వేచ్ఛయు హద్దును ఒకదానికొకటి శత్రువులు కావనుటకు ఆ కంచె తగిన నిదర్శనము.

కుక్కల వలన తీరమునకు మేలు జరిగిన సందర్భమును కలదు. గల్ అను నీటిపక్షులు గుంపులుగా ఇసుకపై వాలి, తమ రెట్టలతో నీటిని పాడుచేయును. 21వ శతాబ్ది తొలి దశాబ్దములలో చికాగో తీరములు కొన్నింట గొర్రెలమందలను తోలుటకు తర్ఫీదైన కోలీ జాతి కుక్కలను తెచ్చి, ఆ పక్షులను తరిమించిరి. పక్షులు తగ్గినకొలది నీటిలో సూక్ష్మజీవులును తగ్గినట్లు పరీక్షలలో తేలెను. నీటిని పాడుచేయునని నిషేధింపబడిన జంతువే, క్రమశిక్షణతో మెలగినపుడు, నీటిని కాపాడుటకు పనికివచ్చెను.

ఇక పక్షులన్నియు ఒక్కతీరు కావు. 2019లో అదే మాంట్రోజ్ తీరమున, అంతరించు ప్రమాదమున నున్న ఒక చిన్న ఉల్లంకి జాతికి చెందిన పక్షుల జంట గూడు పెట్టెను. చికాగోలో అట్టి గూడు అనేక దశాబ్దములుగా ఎవరును చూచి యుండలేదు. ఆ యేడు ఆగస్టులో ఆ తీరమున జరుగవలసిన పెద్ద సంగీతోత్సవమును నిర్వాహకులు మానుకొనిరి. గూటిచుట్టు స్వచ్ఛంద సేవకులు వంతులవారీగా కావలి కాచిరి. తరువాత ఆ ఇసుకదిబ్బల రక్షితప్రాంతమును విస్తరింపజేసిరి. అందు కుక్కలకు ప్రవేశము లేదు. ఒకే తీరమున ఈదువారు, కుక్కలు, పక్షులు తమతమ చోట్ల ఇముడుట మాంట్రోజ్ వద్ద నేడు చూడనగును.

పెద్ద పోరాటములును ముగియలేదు. 1973లో సరస్సు తీర రక్షణకై నగరము ప్రత్యేక శాసనము చేసికొనెను. అయినను 2014లో జార్జి లూకస్ అను సినిమా నిర్మాత తన సేకరణలతో ఒక ప్రదర్శనశాలను తీరమున కట్టదలచినపుడు నగరపాలకులు సమ్మతించిరి. అందువలన ఉద్యోగములు, విద్య, వినోదము కలుగునని పలువురు హర్షించిరి. ఒక ఉద్యానరక్షణ సంఘము మాత్రము 1892నాటి సూత్రమును పట్టుకొని న్యాయస్థానమునకు వెళ్ళెను. 2016లో లూకస్ ఆ సంకల్పమును విడిచి వేరు నగరమునకు తరలెను. ఆ సంఘము నగరమునకు నష్టము తెచ్చెనని నేటికిని అనువారు కలరు. వార్డును గూర్చి నాడు అనిన మాటలే అవి. మరియు తీరమంతయు ప్రజల చేతికి వచ్చినదనుటకును వీలులేదు. దక్షిణమున ఒక గొప్ప ఉక్కు కర్మాగారము 1992లో మూతపడువరకు నూరేండ్లు అచటివారికి సరస్సును అందనీయలేదు. ఉత్తరమున ప్రజల బాట ఒకచోట ఆగిపోవును. ఆవల కొంతమేర ఒడ్డు సొంత మేడలవారి వశమున నున్నది.

చికాగో సరస్సును గూర్చిన తీర్పు సముద్రములు దాటి మన దేశమునకును వచ్చినది. 1996 డిసెంబరులో భారత సుప్రీంకోర్టు హిమాచలప్రదేశమునందలి బియాస్ నదీతీరమున ఒక హోటలునకు ఇచ్చిన అటవీభూమి కౌలును రద్దు చేయుచు, ఆ 1892నాటి తీర్పును ఉదాహరించి, ప్రకృతి సంపదకు ప్రభుత్వము ధర్మకర్త యను సూత్రము మన చట్టములో భాగమేనని ప్రకటించెను. తిరుపతిలో అవిలాల చెరువును, పేరూరు చెరువును ప్రభుత్వము గృహనిర్మాణమునకు అప్పగించినపుడు, పట్టణ ప్రజలలో కొందరు మేధావులు సంఘముగా ఏర్పడి న్యాయస్థానమునకు పోయిరి. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అదే ధర్మకర్తృత్వ సూత్రమును ఆ చెరువులకు అన్వయించెను. కాని అప్పటికే చెరువులలో ఇండ్లు లేచియుండెను. వానిని పడగొట్టింపక, ఇకపై నిర్మాణములు జరుగరాదనియు, వాననీటిని భూమిలో ఇంకించు ఏర్పాట్లు చేయవలెననియు న్యాయస్థానము ఆదేశించెను. సూత్రము గెలిచెను, చెరువుల నేలలో కొంత తిరిగిరాలేదు.

చికాగోలో వార్డు మొదటి పాకను చూచినపుడే దావా వేసెను. తిరుపతిలో తీర్పు వచ్చునప్పటికి గోడలు లేచినవి. ఒక చోట తీరము దక్కుటకు, ఒక చోట కొంత పోవుటకు కాలవ్యత్యాసము ఒక ముఖ్యకారణము. మన ఊళ్ళలో చెరువుగట్టు ఒకనాడు సాయంకాలపు షికారుకు, పశువుల నీళ్ళకు, బట్టలుతుకుటకు, బతుకమ్మలను సాగనంపుటకు ఎల్లరకు అందుబాటున నుండెడిది. ఆ గట్టు ఎవరి పేరున నున్నదని ఆనాడు అడుగు అవసరము పడలేదు. నేడు అడుగవలెను. మన పేటలోని చెరువు పటము ఎక్కడ నున్నది, దాని హద్దులు ఏవి, గట్టుపై మొదటి గుడిసె గాని, మొదటి గోడ గాని ఎప్పుడు లేచినది అను విషయములు ప్రతి పేటలోను ఇద్దరు ముగ్గురైనను తెలిసికొని యుండవలెను. వారికి నేడు మెప్పు దొరకకపోవచ్చును. నూరేండ్ల తరువాత ఆ గట్టున నడచు బిడ్డలకు, వారి వెంట పరుగెత్తు కుక్కలకు, అచట వాలు పక్షులకు నీరు మిగిలియుండును.